ఒక్క తీరుగున్నవి

మధ్యాహ్నానికి మిషిన్ గస పోస్తది.
సీ డ్రైవ్ ఎర్రబడ్డది, జరమొచ్చినోని కన్ను లెక్క.
మక్తల్ బస్టాండు ఎదురుంగ మా జిరాక్సు దుకాణం.
బయట రాయచూరు బస్సు,
లోపల నేను, సాఫ్ చేసే సాఫ్ట్‌వేరు.

"అడ్వాన్స్‌డ్ నొక్కకు, అది తెలిసినోళ్లకు" అని
ఓనరు మొగులప్ప చెప్పే పోయిండు.
నొక్కిన.

అన్నీ ఖాళీ గడులు.
టెంపరరీ ఫైళ్లు, టిక్కు.
పాత లాగ్‌లు, ఏం లాగినయో తెల్వదు, టిక్కు.
తొంబై దినాల సంది తెరవనివి...
ఇక్కడ చెయ్యి ఆగింది.
పుణె పోయిన గుంపు మేస్త్రీ ఆశప్ప
ఇంటి తాళం తీసేది ఏడాదికొక్కసారి.
మరి ఆ ఇల్లు?

ఆఖరున అడిగింది:
ఒక్క తీరుగున్న ఫోటోలు నలభై మూడు,
ఒకటి ఉంచి కడమవి తీసేయాల్నా?

తెరిచి చూసిన.
మేకుకు వేలాడే మా దుకాణం నల్లకోటు,
అదే కోటు, అదే నీలం పరదా.
లోపల తాయప్ప, కుర్మన్న, సున్నపుబట్టీ మోనప్ప,
భుజాలు జారిన బుడ్డ ఈరేశు,
గుండీ పెట్టుకోరాకుంటే నేను పెట్టిన తిప్పన్న తాత.
లేబర్ కార్డుకని వచ్చి, కోటు తొడిగి,
అందరూ ఒక్క తీరుగనే ఊపిరి బిగబట్టిన్రు.

మిషిన్‌కు కోటు కనబడ్డది.

టిక్కు తీసేసిన.
రెండు వందల ఎంబీయే ఖాళీ అయిందన్నది,
జర కోపంగనే.

"ఫోటో దిగాలె అక్కా" అని
వాకిట్ల ఎవరో చెప్పులిడుస్తున్నరు.
కోటు దులిపిన.