పాత పేరు

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ. రాత్రి తొమ్మిది.
తూకం కంప్యూటర్లో కొత్త పైథాన్ వేశాను,
ఒక్క లంకె మార్చాను, అంతే.

ప్రింటర్ డ్రైవర్ పెట్టబోతే
ఆప్ట్ మొరాయించింది.
ఏదడిగినా ఒకటే మాట: మాడ్యూల్ కనబడలేదు.
పాత పైథాన్ ఎటూ పోలేదు, డిస్కులోనే ఉంది.
దాని పేరే
కొత్తదానికిచ్చేశాను.

"సీటీలు రావేటి బాబూ?"
చేతిపని ఆపకుండానే దాలమ్మ.
వేళ్ళు జీడిరసంతో నల్లన.
పొట్టు రాలింది, పప్పు మాత్రం
గుండుగానే బయటికొచ్చింది.

నేనూ ఏదీ పీకలేదు.
పేరు పాతదానికి తిప్పిచ్చి
కొత్తదాన్ని పక్కన
ఇంకో పేరుతో కూచోబెట్టాను.

ఆప్ట్ కదిలింది. డ్రైవర్ దిగింది.
ప్రింటర్ గొంతు సవరించుకుని
మొదటి చీటీ కక్కింది:
దాలమ్మ, పదకొండు కేజీల ఆరొందలు.

చీటీని దీపం కింద పట్టుకుని,
"పన్నెండుండాల," అంది.