పెదాల భాష

వూచ్ నగరంలో, పాత నేతమిల్లు
రెండో అంతస్తులో అడ్డుగోడ పడగొట్టి
ఒకటే పొడుగాటి బల్ల వేశారు,
ఎదురుబొదురు కూర్చుంటేనైనా
జనం నోరు విప్పుతారని.

ఎర్ర ఇటుకని ముట్టుకోలేదు.
ఇనప స్తంభాల మీద నూనె మరకలు కూడా
అలాగే ఉంచారు.
"ఇకనుంచి ఇది మాటలు కలిపే చోటు"
అన్నాడు తిమొన్, కుర్ర ఆర్కిటెక్టు,
గెనోవెఫా ముందు సూప్ గిన్నె పెడుతూ.

ఆవిడ నవ్వింది.
ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడే, ఆ మూడో కిటికీ పక్కన.
వంద మగ్గాల హోరులో
చెవులు పనికిరాక
పెదాలు చదవడం నేర్చారు ఆడవాళ్లంతా.
నెల తప్పిన కబురు, రొట్టె ధర, సమ్మె ఏ పూటన్నదీ
నాలుగు వరుసలు దాటిపోయేవి
ఫోర్‌మన్ ముక్కు కిందనించే.

ఇప్పుడు మగ్గాల్లేవు. చెంచాల చప్పుడే.
బల్ల ఆ చివర
ఎవరో కుర్రది, అటూ ఇటూ ఖాళీ కుర్చీలు,
సూప్ మీదికి వంగి
తనలో తానే ఏదో అనుకుంటోంది.

గెనోవెఫా కళ్లు చికిలించింది.
ఆపైన నవ్వలేదు.
ఓ చేత్తో కర్ర అందుకుని
ఇంకో చేత్తో గిన్నె తొణక్కుండా పట్టుకుని
ఆ బల్ల పొడుగునా
నడవడం మొదలుపెట్టింది.