పన్నెండు అతుకులు

చీమకుర్తి బస్టాండు వెనక, మెట్ల కింద గది.
పగలంతా పెళ్ళిళ్ళు కోస్తాను.
తాళి కట్టే చోట మూడు గులాబీలు గిరగిరా తిప్పి,
అప్పగింతల్లో ఏడుపు కొంచెం తగ్గించి
(మగపెళ్ళివాళ్ళే అడుగుతారు, తగ్గించమని),
రాత్రి పదకొండు దాటాక
నా సొంత పని ముందేసుకుంటాను.

టీవీ రిపేరు షాపు మూసేసి ఒంగోలు పోతూ
జిలానీ అట్టపెట్టెలో ఇచ్చిపోయిన నాలుగు టేపులు.
ఆదివారం పొద్దున వచ్చేది ఆ సీరియల్.
పదమూడు వారాలు.
భూమికి దారి మరిచిపోయిన ఓడ,
లోపల తొమ్మిదిమంది.
ఓడ గోడలు థర్మోకోలని మాకు అప్పుడే తెలుసు,
అయినా ఊపిరి బిగబట్టేవాళ్ళం.
కెప్టెన్ తలుపు మీద చెయ్యి వేసేవాడు.
అంతే.
తరువాయి వచ్చే వారం.

ఇప్పుడదంతా ఒకే సినిమా చేస్తున్నాను.
పన్నెండు చోట్ల మొదటి పాట తీసేశాను.
‘ఇంతవరకు జరిగిన కథ’ తీసేశాను.
చెయ్యి వేశాడు, తలుపు తెరుచుకుంది,
మధ్యలో రెప్ప కూడా పడదు.
రెండు గంటల పది నిమిషాలు,
పాలిష్ పట్టిన పలకలాగా
వేలు పెడితే జారిపోతోంది.

కానీ ఆ తలుపు ముందు
మేం ఏడు రోజులు నిలబడ్డాం గదా.

మూడో వారానికీ నాలుగో వారానికీ మధ్య
మా పెదనాయన క్వారీలో కాలు పోగొట్టుకున్నాడు.
ఆరో వారం,
కొండపి నుంచి వచ్చి మా క్లాసులో చేరిన మరియరత్నం
రూపాయి పందెం కాసింది:
తలుపు వెనక ఉండేది వాళ్ళేనంట,
ఆ తొమ్మిదిమందే,
ముసలోళ్ళయిపోయి కూర్చోనుంటారంట.
బుధవారం దాకా నవ్వాను.
గురువారం రాత్రి నిద్ర పట్టలేదు.
ఆదివారం తలుపు తెరిస్తే
ఓ రబ్బరు తొడుగు, రెండు బల్బు కళ్ళు.
రూపాయి గెలిచాను.
ఆమె ఇవ్వలేదు, నేను అడగలేదు.
ఇప్పుడా చోట కత్తెర పెడితే
ఆ గురువారం ఎటు పోయిందో తెలియదు.

మూడో టేపుకి బూజు పట్టింది.
ఓడ ఒంటరిగా తేలే పదకొండు సెకన్లు
వానలాగా గీతలు, తర్వాత ఏమీ లేదు.
చుక్కలు ఎక్కడ తెచ్చేది?
ఫ్యాక్టరీలో అంచు విరిగిందని పారేసిన పలక
సైకిల్ మీద కట్టుకొచ్చాను.
మా ఊరి నల్లరాయి, బంగారు పొడి చల్లినట్టుంటది.
గెలాక్సీ అని పేరు పెట్టి ఓడలెక్కించే రాయే.
నీళ్ళు చల్లి, లైటార్పి,
పెదనాయన చేతికి టార్చి ఇచ్చాను.
ముక్కాలిపీట మీద కూర్చుని
పక్కనించి వెలుగు మెల్లిగా జరిపాడు.
ఫోన్లో చూస్తే అనంతం.
“రాయికి వాటం ఉంటది అబ్బయ్యా,
వాటం చూసి కొట్టాల.
లేకపోతే యాడ పగలాల్నో అదే చూసుకుంటది” అన్నాడు,
లేని కాలు గోక్కోబోయి, ఆగి.

నిన్న ఒంగోలు పోయి జిలానీకి చూపించాను.
కంటి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకోనుండాడు.
బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.
నా చుక్కల్ని దాటుకుంటూ పోయాడు, పట్టుకోలేదు.
మొదటి అతుకు, రెండోది, కదల్లేదు.
ఆరో చోట
కెప్టెన్ తలుపు మీద చెయ్యి వేశాడో లేదో
రిమోటు నొక్కి ఆపేశాడు.
లేచి లైటు వేశాడు.
“మిగతాది ఆదివారం చూద్దాం లే.”

అక్కడ అతుకుందని నేను చెప్పలేదు.

చీమకుర్తి ఆఖరి బస్సు తొమ్మిదిన్నరకి.
కిటికీ పక్కన కూర్చున్నాను.
గ్రానైటు లారీలు ఎదురొస్తుండాయి,
ఒక్కోదాని మీద ఒక్కో బండ,
ఇంకా కొయ్యనిది.