అరంగుళం

ఎర్రగుంట్ల రోడ్డులో రాళ్ళ మిల్లు.
నేను అందులో పాలీషు మిషను తోలేవాణ్ని.
పన్నెండేండ్లుగా గడపలు చేస్తాండా.
ఊరి పేరే గడప.
ఏడుకొండలకు ఇది వాకిలని మా అవ్వ చెప్పేది,
రాసేవాళ్ళు రాస్తా రాస్తా కడపను చేసినారని.

పిల్లోడి పేరు ఓబులేసు. ఆరేండ్లు.
నాలుగో ఏట "తూనీగ" అనేవాడు.
ఐదో ఏట "తూని".
ఇప్పుడు చెయ్యి మాత్రం ఎత్తి చూపిస్తాడు,
తూనీగ లేని దిక్కుకు.

పుట్లంపల్లి పెద్దాసుపత్రిలో నస్రీన్ మేడం
కాయితం మీద గుండ్రంగా ఒక కణం గీసి
"ఇందులో చెత్త ఊడ్చే మనిషి పుట్టలేదు" అనింది.
నాకు చప్పున తెలిసిపోయింది.
రాయి అరిగిన బూడిదనీళ్ళు గుంతలో పడతాయి,
వారం ఎత్తకపోతే గడ్డకట్టి
మిషను మునిగిపోతాది.
"అట్లేనా మేడం?"
"అట్లే."
ఆమె కూడా కాసేపు కాయితమే చూసింది.

నేనూ చౌడేశ్వరీ ఒకే అవ్వకు మనవడూ మనవరాలూ.
ఇద్దరిలోనూ ఒకటే వెంట్రుక పగులు.
పొడిరాతి మీద అది కనపడదు.
నీళ్ళు పోసి రుద్దినాక
రాయంతా ఆరిపోతాది,
ఆ గీత ఒక్కటే ఆఖరున ఆరుతాది.
మా పెండ్లినాడు రాయి పొడిగా ఉండింది.

ఇట్లాంటి జబ్బులు కొన్నిటికి మందుందంట.
నరంలోకి ఎక్కిస్తే కాలేయానికి పోతాది,
కీళ్ళ దాకా పోతాది,
తలకాడికొచ్చి నిలబడిపోతాది.
మెదడుకు ఒక గడప ఉందంట,
నెత్తురులో తిరిగే ప్రతిదాన్నీ రానీదంట.

బయటికొచ్చినాక చౌడేశ్వరి అనింది:
"దాన్ని తిట్టొద్దు.
వాని తలకాయలోకి విషం పోకుండా
ఇన్నేండ్లూ కాసింది అదే గదా.
ఎరగనోళ్ళను రానిస్తే అది గడపేంది?"
ఆ శుక్రవారం ఇంటి గడపకు పసుపు మెత్తి
మూడు బొట్లు పెట్టింది,
నాలుగోది వాని నుదుటన.

మళ్ళీ పోయినప్పుడు మేడం చెప్పింది,
వెంట్రుక మందంలో వెయ్యో వంతు బుడగలు,
కొవ్వుతో చేసినవి, కడుపులో మందు దాచుకొని
మెదడు ఎరిగిన చుట్టం ముఖం తగిలించుకొని పోతాయంట.
గడపే వాటిని చంకనెత్తుకొని లోపల దింపుతాదంట.
"ఎవరికిచ్చినారు?"
"ఎలుకలకు."
"దాటినాయా?"
"కొన్ని దాటినాయి. చానా కాలేయంలోనే ఆగినాయి."
"మనుషులకు?"
ఆమె పెన్నుకు మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

ఆ రాత్రి మా తలుపు కింద సందులోంచి
ఒక ఎలుక దూరింది.
చీపురెత్తినా.
దించేసినా.

ఈ నెల వాడు కాలెత్తలేకుండా ఉండాడు.
గడపకాడికొచ్చి నిలబడతాడు,
అవతల ఎండ, ఇవతల వాడు,
నడుమ మూడంగుళాల నల్లరాయి,
నా చేత్తో అద్దం మాదిరి రుద్దింది.

ఆదివారం మిల్లులో చేతిమిషను అడుక్కొచ్చినా.
"గడప కొయ్యగూడదురా, ఇంటికి అరిష్టం"
అన్నాడు ఎదురింటి గంగిరెడ్డి మామ,
అంటానే బిందెతో నీళ్ళు తెచ్చి పోసినాడు.
అరంగుళం, ఇంకో అరంగుళం,
వాలుగా తీసుకుంటా పోయినా.
పసుపు ముందు పోయింది,
తర్వాత నునుపు పోయింది.

వాడు కాలీడ్చుకుంటా దాటి
ఎండలో చెయ్యెత్తి చూపిస్తాండాడు, దేన్నో.
చౌడేశ్వరి అటు చూడలేదు.
గడపకాడ గొంతుకూర్చోని
తడిరాయి ఆరేది చూస్తాంది,
ఏ గీతన్నా మిగులుతాదేమోనని.