కొసరు

రాక్‌ఫర్డ్, ఇల్లినాయ్. రెండో షిఫ్టు.
తనిఖీ గదికి కిటికీ లేదు, ఎప్పుడూ ఇరవై డిగ్రీలే.
నది మీద మంచు పలకలు ఒరుసుకుంటున్నాయని
లోపలికొచ్చేవాళ్ళ బూట్లు చెప్పాలి.

నాలుగు నెలల కొత్తదాన్ని.
అయినా డ్రాయింగులో వలయం మధ్య కూర్చున్న ఎమ్ అక్షరాన్ని
మొదటిరోజే గుర్తుపట్టాను.
చిక్కుడుకాయలు తూచి, తక్కెడ దించేసి,
ఆపైన సంచిలోకి గుప్పెడు విసిరే
తెనాలి బజారు మస్తానమ్మ చెయ్యి అది.

కొసరు.
గ్లెన్ శాండ్‌క్విస్ట్‌కి ఆ మాట నేర్పాను.
'కోసరూ' అంటాడు, ఉన్నచోట లేని దీర్ఘాలు తీసి.

ఎనిమిది మిల్లీమీటర్ల బెజ్జం
ఇరుగ్గా ఉన్నంతసేపూ 0.20 లోపలే తడబడాలి.
ఒళ్ళు చేసి 8.12 అయిందా,
పెరిగిన 0.12 కూడా దానిదే.
దయేం కాదు. బోల్టుకి చోటు పెరిగింది, అంతే.
(మస్తానమ్మది దయేనా? అదీ అనుమానమే.
రేపు మళ్ళీ తన దగ్గరికే రావాలిగా మేం.)

ఆ రాత్రి బల్ల మీద పంపు మూత.
నడుమ పెద్ద బెజ్జం, చుట్టూ ఆరు.
నాలుగోది 0.36 తప్పింది.
కొసరుతో కలిపి దానికి చెల్లేది 0.32.
నాలుగు వందో వంతుల దూరంలో చెత్తబుట్ట.
వెనక నూట పన్నెండు మూతలు,
తెల్లారితే లారీ.

నా కళ్ళు నడుమ బెజ్జం మీద పడ్డాయి.
నలభై ఉండాల్సింది 40.06 ఉంది.
అదీ వదులే కదా!
0.06 తెచ్చి నాలుగోదాని ఖాతాలో వేశాను.
0.38. పచ్చ చీటీ. సంతకం.

గ్లెన్ ఏమీ అనలేదు.
సొరుగులోంచి గేజి తీశాడు,
నూనెగుడ్డ విప్పాడు.
ఉక్కు పలక మీద నడుమ ఒక మొద్దు, చుట్టూ ఆరు పిన్నులు,
ఈ మూత మొదటి డ్రాయింగు వచ్చిన ఏడు తన చేత్తో గ్రైండు చేసినవి.
మూత బోర్లించి అటూ ఇటూ ఆడించాడు.
టక్. టక్.
'వినపడిందా? నీ 0.06.'

పడమటికి నెట్టాడు.
నాలుగోది దిగింది, ఒకటోది పిన్ను మీదెక్కి కూర్చుంది.
తూర్పుకి లాగాడు.
ఒకటోది దిగింది, నాలుగోది మొండికేసింది.
తిప్పి చూశాడు. ఊహూఁ.
ఎదురెదురు బెజ్జాలు, ఎడమొహం పెడమొహం,
రెండూ బయటికే జరిగినవి.

ఒకే దుప్పటి కింద ఆరుగురు.
నేను ఒకడి మీదికి లాగి
మిగతా కాళ్ళు లెక్కపెట్టలేదు.

'బెజ్జం పెరిగితే వచ్చేది ఆ బెజ్జానిది,' అన్నాడు గ్లెన్.
'నడుమది పెరిగితే వచ్చేది కదలిక.
కదిలితే అన్నీ కదలాలి,
ఒకేసారి, ఒకే వైపు.'

పచ్చ చీటీ గోటితో గీకాను. జిగురు మిగిలింది.

నూట పన్నెండూ ఒక్కోటే బోర్లించాం.
నలభై ఒకటి ఇరుక్కున్నాయి.
మూడు గంటలప్పుడు
యంత్రం ఎర్రగా కొట్టేసిన తొమ్మిది మూతలు
గేజి మీద పెట్టగానే, కాస్త జరపగానే,
చప్పుడు లేకుండా దిగిపోయాయి.
వాటి బెజ్జాలు ఆరూ తప్పినవే,
కానీ ఆరూ ఒకే వైపు వాలి తప్పినవి.

'కోసరూ?' అడిగాడు గ్లెన్.
కాదన్నాను. ఇది ఎవరి గుప్పెట్లోంచీ రాలింది కాదు.
దీనికింకో మాట ఉండాలి.
వదులు? సందు? చాలవు.

లారీ వెళ్ళాక, పార్కింగులో
అద్దం మీద మంచు గీకుతుంటే తట్టింది.
'వెసులుబాటు!' అని అరిచాను.
రెండు కార్ల అవతల ఆయన గీకుడు ఆగింది.
'వెసు...' అన్నాడు. పొగమంచులా ఊపిరి.
'వెసులూ...'
మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు.