జాయింటు ఫోటో

కూచో నిరోషా, ఈ బెంచీ మీదనే.
సైనిక సంక్షేమ ఆఫీసులో ఫ్యాను కింద చోటు
పదకొండు దాటితే దొరకదు.
మీ ఆయనకు ఇంకా ఏడు నెలలుంది కదా,
ఏడు నెలలంటే చానా టయిము అనుకోబాక.

ముందు కాగితాలు చూసుకో.
డిశ్చార్జి బుక్కులో నీ పేరు ఎట్లుందో
ఆధారులో అట్లనే ఉండాల.
నేను అక్కడ ధనభాగ్యం, ఇక్కడ ధనబాగ్యమ్మ.
ఒక వత్తు కోసం, ఒక అమ్మ కోసం
బంగారుపాళ్యం నుంచి చిత్తూరికి
పద్నాలుగు సార్లు బస్సెక్కినాను.

ఇదంతా ఆఫీసోళ్లు చెప్తారు.
వాళ్లు చెప్పనిది నేను చెప్తా.

ఇరవై నాలుగేళ్లు ఆ ఇంటికి నేనే కల్నల్ని.
బోరు మోటారు కాలినా, పిల్లోడికి జొరమొచ్చినా,
తోట కౌలు లెక్కలైనా
ఆర్డరు నాదే.
ఆయన ఏడాదికి రెండు నెలల చుట్టం.
చుట్టానికి చేసినట్టే కోడికూర, కొత్త దుప్పటి.
ఆ చుట్టం పోకుండా ఉండిపోతే ఎట్లుంటుందో
నాకెవురూ నేర్పించలేదు.

నాలుగున్నరకే లేస్తాడు. లేచి ఏం జెయ్యాల?
గడప ముందర చెప్పులన్నీ వరసలో నిలబెట్టినాడు.
పోపుల డబ్బాలో ఆవాలు తీసి మెంతుల చోట పోసి
ఇదీ పద్ధతి అన్నాడు.
ఆ పొద్దు గిన్నె విసిరినాను నిరోషా,
నీకు చెప్తే ఏముంది.
గోడకేం కాలేదు, గిన్నెకే సొట్ట పడింది.
ఇప్పటికీ దాంట్లోనే రసం కాస్తా.

ఎవురో ఏటీఎం కాడ పని ఉందన్నారు.
నాలుగు దినాలు పోయినాడు.
ఆ స్టూలు మీద ఎట్ల కూచోవాల్నో తెలీక
ఐదో దినం ఇంట్లోనే నిలబడినాడు.

జూన్ నెల. తోతాపురి కోత.
గుజ్జు ఫ్యాక్టరీ ముందర మూడు కిలోమీటర్లు ట్రాక్టర్లు,
కాయ మెత్తబడతా ఉంది, మనుషులు అరుస్తా ఉండారు,
దూరినోడిదే రాజ్యం.
మా బండి తోలుకొని పోయిన మనిషి
మూడు రాత్రులు రాలేదు.
సంగటి క్యారియరు తీసుకొని పోయి చూస్తే
చేతిలో టార్చిలైటు, జేబులో సుద్దముక్క,
ప్రతి బండి ముందు టైరు మీదా ఒక నంబరు.
గొంతు పోయింది, చేత్తోనే చెప్తా ఉండాడు.
"ఓ మిలిట్రీ" అని ఎగతాళి చేసినోళ్లే
"మునిశేఖరన్నా, నా వంతు ఎప్పుడు" అంటా ఉండారు.
కాయకు ధర రాలేదులే. అది వేరే కత.

ఇంటికొచ్చి పడుకున్నోడు
ఏడు దాటినా లెయ్యలేదు.
భయమేసి ముక్కు కాడ వేలు పెట్టి చూసినా.
అప్పుడే రైలు దిగొచ్చినట్టు నిద్రపోతా ఉండాడు.
దిగి అప్పటికి పదకొండు నెలలు.

అదో, నీ టోకెను పిలుస్తా ఉండారు.
జాయింటు ఫోటో తెచ్చినావా? లేదా?
అయితే ఆయన వచ్చినాంక ఇద్దరూ పోయి తీయించుకోండి.
మాది తీసేటప్పుడు స్టూడియో అబ్బోడు
"దగ్గరికి జరగండమ్మా" అని
మూడు సార్లు చెప్పాల్సొచ్చింది.