ఖాళీ తూకం

దామలచెరువులో మా నాయన కాటా గుమస్తా.
మామిడికాయల కాలంలో
నిండు లారీ కంటే ముందు ఖాళీ లారీని తూచేవాడు.
చీటీ మీద అంకె వేసి, టైము వేసి,
కేబిన్ తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు:
"దిగప్పా, లోపలెవురుండారో."
సీటు వెనక దుప్పటి కదిలేది.
క్లీనరు పిల్లోడు కళ్లు నులుముకుంటా దిగేవాడు.
ఖాళీ తూకంలో వాడుండి, నిండు తూకంలో లేకపోతే
యాభై కేజీల తోతాపురి
రైతు లెక్కలోంచి దిగి నడిచిపోతుంది.

ఇరవై ఏళ్ల తర్వాత, తిరుపతిలో,
గణాంక శాఖ మూడో అంతస్తులో
నాకూ అదే పని.
పోలింగుకు తొమ్మిది రోజుల ముందు రాసిపెట్టాను:
బూత్ దూరమయ్యేకొద్దీ ఆడవాళ్ల ఓటు తగ్గుతుంది.
ఎన్ని ఇళ్లు, ఏ ప్రశ్న, ఏ లెక్క,
ఎంత తేడా వస్తే తేడా అనాలి,
ఎంతకు నోరు మూసుకోవాలి, అన్నీ.
తేదీ వేసి, ఎవరైనా చదవగలిగే చోట పెట్టి
తాళం వేశాను.
ఇక దాన్ని దిద్దే హక్కు నాకూ లేదు.

అరవై రెండు బూతులు, బూతుకు ఇరవై ఇళ్లు.
పాకాల, పూతలపట్టు, ఐరాల.
తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్పిన వాకిళ్లు కొన్ని.
ఐరాల అవతల దొరసానమ్మ
చింతపండులో గింజ తీస్తా కూర్చోనుంది.
వేలు చాపింది. గోరు మొదట్లో సిరా ఇంకా పోలేదు.
"బూతు ఎంత దూరం?"
"మూడు మైళ్లుంటాది."
"దూరమని ఎప్పుడైనా మానేశావా?"
"దూరమేముంది మే,
జత లేకుంటే గడప దాటేదే దూరము."

ఆ మాటకు నా కాగితంలో గడి లేదు.
అవును, కాదు, చెప్పలేను. అంతే.
'కాదు' దగ్గర టిక్కు పెట్టి
మాటను అంచున పెన్సిలుతో రాసుకున్నాను.
"నేను చెప్పింది చెప్పినట్టే రాసినావా?"
తనకు చదవరాని కాగితంలోకి తొంగిచూసింది.
రాశానన్నాను.
గమ్మున గింజల్లోకి తిరిగింది.

జూలైలో లెక్క తేలింది.
దగ్గరి బూతూ దూరపు బూతూ ఒకే గీత మీద.
తేడా లేదు.
ఉన్నా, నేను ముందే గీసిన గీత దాటేంత లేదు.

కుముద టీ తెచ్చి స్క్రీను చూసింది.
"నలభై దాటినవాళ్లను తీసెయ్.
పాకాల పక్కన పెట్టు. మళ్లీ కొట్టు."
కొట్టాను. అబద్ధమెందుకు, కొట్టాను.
అంకె పక్కన చుక్క వెలిగింది.
ఎంత అందమైన చుక్క!
రెండేళ్ల పని, ఆగిపోయిన ఫెలోషిప్పు, పెద్ద పత్రిక
అన్నీ వచ్చి దాని వెలుగులో చలి కాచుకున్నాయి.

ఆ రాత్రి అందరూ వెళ్లిపోయాక
ఎక్కడో తలుపు మీద అరచేతి దెబ్బలు.
సీటు వెనక దుప్పటి కప్పుకుని పడుకున్నది
నా కోరికే.
దిగమ్మా, అన్నాను.

మొదటి వాక్యం ఇట్లా రాశాను:
మేము ముందు అనుకున్నది నిలబడలేదు.
చుక్క వెళ్లి చివరి పేజీలో కూర్చుంది,
'తర్వాత వెతికితే కనబడినవి' అన్న శీర్షిక కింద,
మేం కొట్టి చూసినా వెలగని
పదిహేడు అంకెల సరసన.
రెండు పత్రికలు వెనక్కి పంపాయి.
పురుషోత్తం సారు ఏమీ అనలేదు,
కళ్లద్దాలు చాలాసేపు తుడుచుకున్నాడు.

ముప్పై ఒక్క కాగితాల అంచుల్లో
పెన్సిలుతో ఆ జత మాటే ఉంది.
అది నిజమని నా నమ్మకం.
నమ్మకం గనకే నిజమని రాయలేదు.

పంచాయతీ ఎన్నికలంటున్నారు.
కొత్త కాగితం తీశాను.
బూతుకు మీ జతలో ఎవరొచ్చారు?
ఈసారి చివర ఒక గడి
పొడుగ్గా, ఖాళీగా, ఎవరి మాట వాళ్లకు.
అనుకున్నది రాసి తేదీ వేశాను.
తాళం వేసే ముందు
లోపలెవరైనా ఉన్నారేమోనని
అరచేత్తో రెండుసార్లు తట్టాను.